"నాకు" అన్న కాడ "ఐ గాట్": గెట్ గురించి దేవరకొండ చెల్లెకు జవాబు

ముందుగాల చెల్లె రాసిన ఉత్తరం, జర కుదించి ఇక్కడ పెడుతున్న:

"అక్కా, మాది దేవరకొండ దగ్గర ఊరు. బీకాం అయిపోయింది. మొన్న హైదరాబాద్‌ల ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి పోయిన. కూసోంగనే ఆ మేడం 'హౌ డిడ్ యు గెట్ హియర్' అని అడిగింది. గెట్ అంటే పొందుట అని చిన్నప్పటి సంది చదువుకున్న కద, ఈ అవకాశం ఎట్ల పొందినవ్ అని అడుగుతుందనుకుని మా అన్న దోస్తు నంబర్ ఇచ్చిండు, ఫోన్ చేసిన అని చెప్పుకుంట పోయిన. ఆమె నవ్వి, అది కాదు, బస్సుల వచ్చినవా ట్రైన్‌ల వచ్చినవా అన్నది. ఇగ ఆడికెల్లి నాకు నోరు లేవలే. చివరికి 'వి విల్ గెట్ బ్యాక్ టు యు' అన్నరు. వాళ్ళే మళ్ళ వస్తరా, నన్ను మళ్ళ రమ్మంటరా తెల్వలే. ఇంటికొచ్చి డిక్షనరీ తీస్తే గెట్ కింద పేజీలకు పేజీలు అర్థాలున్నయి. ఇవన్ని ఎట్ల బట్టీ పట్టాలె? అప్లికేషన్‌ల గెట్ అని రాయొచ్చా? గాట్, గాటెన్ రెండిట్ల ఏది కరెక్టు? వాళ్ళు చెప్పి 12 రోజులైంది, ఇంక ఎదురుచూడాలెనా?"

చెల్లె, నీ ఉత్తరం రెండు సార్లు చదివిన. ఫస్టు ఒక మాట చెప్త, నువ్వు ఇచ్చిన జవాబు మరీ అంత పిచ్చిది కాదు. "హౌ డిడ్ యు గెట్ హియర్" అంటే ఇక్కడిదాంక ఎట్ల చేరుకున్నవ్ అని, అది బస్సు గురించి కావచ్చు, జీవితంల ఈ స్థాయికి ఎట్ల వచ్చినవ్ అని కూడ కావచ్చు, పెద్ద పెద్దోళ్ళని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఇదే ప్రశ్న ఆ రెండో అర్థంల అడుగుతరు. కాకపోతే ఇంటర్వ్యూల కూసోంగనే అడిగిండ్రంటే అది మనసు తేలిక చేయనీకి అడిగే మాట, ఎండల పడి వచ్చినవా, బస్సు దొరికిందా అన్నట్టు. ఆమె నవ్వకుంటే బాగుండు. కని దాని గురించి ఆలోచించుకుంట కూసోకు, అసలు సంగతికి వద్దాం.

నేను ముందు పాలమూరు దిక్కు, తర్వాత నల్గొండ దిక్కు 20 ఏండ్లకు పైగ సర్కారు బడులల్ల ఇంగ్లీష్ చెప్పిన, ఈ "గెట్ అంటే పొందుట" అనే ముక్క ఎన్ని నోట్‌బుక్కులల్ల చూసిన్నో లెక్కలేదు. తప్పు గెట్‌ది కాదు, పొందుటది. నువ్వే చెప్పు, మీ ఇంట్ల ఎవరన్న పొందుట అనే మాట అంటరా? మీ నాయిన బత్తాయిలు అమ్మొచ్చినంక "పైసలు పొందినవా" అని అడుగుతదా మీ అమ్మ? "పైసలు ముట్టినయా" అంటది. సీటు పొందిన అనం, సీటొచ్చింది అంటం. జ్వరం పొందిన అంటే నవ్వుతరు. అంటే నువ్వు తెల్వని ఇంగ్లీష్ మాటకు, నోట్ల తిరగని తెలుగు మాటను జోడించి యాదికి పెట్టుకున్నవ్, ఇంటర్వ్యూల గెట్ వినపడంగనే మెదడు పోయి ఆ పొందుట దగ్గర ఆగింది. ఆ జోడి ఇయ్యాల్నే తెంపెయ్యి.

బట్టీ పట్టే సంగతి అడిగినవ్ కద. బట్టీ "పట్టాలె" అని రాసినవ్. ఈ పట్టు అనే మాటనే చూడు ఒక్కసారి. బస్సు పట్టుకున్న, చేపలు పట్టిన, జలుబు పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, రాత్రంత నిద్ర పట్టలే, రెండ్రోజుల సంది ముసురు పట్టింది, గిర్నికి పోయి పిండి పట్టించిన, పంతం పట్టిండు, ముఖం పోల్చుకోలేకపోయిన గని గొంతు గుర్తుపట్టిన, చంటిదానికి పాలు పట్టిన, ఆమె గోడు ఎవరికి పట్టలే. ఎన్ని అర్థాలు! ఇవన్ని మీ అమ్మ నీకు 1, 2, 3 అని నంబర్లేసి నేర్పిందా? లేదు. నిద్ర అనే మాటతోని పట్టు ఎట్లుంటదో, తుప్పుతోని ఎట్లుంటదో, జంటలు జంటలుగ చెవుల పడి వచ్చేసినయి. గెట్ గూడ అసొంటిదే. పక్కన ఏ మాట ఉన్నదో చూస్తే అర్థం తెలుస్తది, ఒంటరిగ గెట్‌కు అర్థం అడిగితే ఇంగ్లీషోళ్ళు కూడ చెప్పలేరు. ఇంకో విచిత్రం, పట్టు వచ్చే కాడ చాన సార్లు గెట్ గూడ వస్తది. జలుబు పట్టింది, "ఐ గాట్ ఎ కోల్డ్". తుప్పు పట్టింది, "ఇట్ గాట్ రస్టీ". దొంగ పట్టుబడ్డడు, "ద థీఫ్ గాట్ కాట్". పిండి పట్టించిన సంగతి ఇంకా మంచిది, దాని దగ్గరికి తర్వాత వస్త.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద కిటుకు చెప్త, జర నెమ్మదిగ చదువు. మన తెలుగుల "నాకు" తోని మొదలయ్యే వాక్యాలు మస్తుగ ఉంటయి. నాకు జ్వరమొచ్చింది, నాకు కోపమొచ్చింది, నాకు ఉద్యోగమొచ్చింది, నాకు జీతం ముట్టింది, నాకు సీటు దొరికింది, నాకు అర్థమైంది, నాకు అలవాటైంది. వీటిల్ల మనం ఏం చేసినట్టు ఉండది, జ్వరమే వచ్చింది, కోపమే వచ్చింది, మనం ఊకె ఉన్నం, అవి మన దగ్గరికి వచ్చినయి. హిందీల గూడ గంతే కద, "ముఝే బుఖార్ ఆ గయా", "ముఝే పైసే మిలే". ఇంగ్లీష్‌ల మాత్రం ఎక్కువ శాతం "నేను" ముందుకొచ్చి నిలవడాలె, ఐ అనాలె. ఆ ఐ పక్కన పెట్టనీకి వాళ్ళ దగ్గరున్న మాట గెట్. నాకు జ్వరమొచ్చింది, "ఐ గాట్ ఎ ఫీవర్". నాకు కోపమొచ్చింది, "ఐ గాట్ యాంగ్రీ". నాకు ఉద్యోగమొచ్చింది, "ఐ గాట్ ఎ జాబ్". జీతం ముట్టింది, "ఐ గాట్ మై సాలరీ", లేకుంటే "ఐ గాట్ పెయిడ్". బస్సుల సీటు దొరికింది, "ఐ గాట్ ఎ సీట్". అర్థమైంది, "ఐ గాట్ ఇట్". అలవాటైంది, "ఐ గాట్ యూజ్డ్ టు ఇట్". ఆకలైతుంది, "ఐ యామ్ గెటింగ్ హంగ్రీ".

మన పిల్లలు ఇది తెల్వక "ఫీవర్ కేమ్ టు మి", "జాబ్ కేమ్ టు మి" అంటరు. ఎందుకంటరు అంటే, తెలుగుల వచ్చింది అని ఉన్నది కద, వచ్చిందంటే కేమ్ కద అని. తప్పు ఎక్కడికెల్లి పుట్టిందో తెలిస్తే దిద్దుకునుడు అల్కగ అయితది, అందుకే ఇంతగనం చెప్తున్న. నోట్ల "నాకు" రాంగనే ఆగు, వెనక వచ్చింది, అయ్యింది, దొరికింది, ముట్టింది, పట్టింది ఉన్నదా చూడు, ఉంటే గెట్ పనికొస్తదేమో అని ఒకసారి అని చూసుకో.

అన్నిటికి పనికి రాదు, అది గూడ చెప్పాలె. నాకు ఈత వస్తది అంటే అది తెలుసుడు, "ఐ కెన్ స్విమ్". నాకు గుర్తొచ్చింది అంటే "ఐ రిమెంబర్డ్". నాకు నవ్వొచ్చింది అంటే "ఐ ఫెల్ట్ లైక్ లాఫింగ్". నాకు ఇష్టం, "ఐ లైక్ ఇట్". ఇసొంటివి ఇంకొన్ని ఉంటయి, అవి వాడుకుంట వాడుకుంట తెలుస్తయి, వాటికి భయపడి పెద్ద కిటుకును ఇడిసిపెట్టకు.

గెట్ లోపట ఉండే సంగతి ఒక్కటే, మార్పు. ఇంతకుముందు లేదు, ఇప్పుడున్నది. చేతిల లేని వస్తువు చేతికొచ్చింది, ఉన్న కాడికెల్లి ఇంకో కాడికి చేరినం, ఉన్న తీరు పోయి ఇంకో తీరైంది. నల్గొండ గడియారం సెంటర్‌ల నిలబడి ఉన్నవ్, వాన లేదు, "ఐ యామ్ డ్రై". ఇంతల వాన కొట్టింది, తడిసినవ్, ఆ తడిసే ముచ్చట "ఐ గాట్ వెట్". తడిసినంక నిలబడి ఉన్నవ్, అప్పుడు "ఐ యామ్ వెట్". యామ్ అంటే ఉన్న తీరు, గాట్ అంటే అట్ల అయిన ఘడియ. పెండ్లి గూడ గంతే. "షి ఈజ్ మ్యారీడ్" అంటే పెండ్లయిన మనిషి. "షి గాట్ మ్యారీడ్ ఇన్ మే" అంటే మే నెలల పెండ్లయింది. ఎవరితోని అని చెప్పేటప్పుడు మన తోని పట్టుకుని "విత్" పెట్టకు, "టు" పెట్టాలె, "షి గాట్ మ్యారీడ్ టు ఎ టీచర్".

టీచర్ అన్న కదా, ఇంకొకటి యాదికొచ్చింది. నేను టీచర్ అయిన అని చెప్పాలంటే "ఐ గాట్ ఎ టీచర్" అనొద్దు, దానికి నాకు ఒక టీచర్ దొరికింది అని అర్థం వస్తది. మనిషి ఒక హోదాల అయినప్పుడు "బికమ్" వాడాలె, "ఐ బికేమ్ ఎ టీచర్". చీకటైతుంది, లేటైతుంది, అలిసిపోయిన, తయారైన, నయమైతుంది, వీటికి మాత్రం గెట్ చక్కగ కూసుంటది: "ఇట్స్ గెటింగ్ డార్క్", "ఇట్స్ గెటింగ్ లేట్", "ఐ గాట్ టైర్డ్", "గెట్ రెడీ", "షి ఈజ్ గెటింగ్ బెటర్".

ఇగ నిన్ను ఇరికించిన ముచ్చట, చోటు. గెట్ పక్కన ఊరి పేరో, జాగనో వస్తే చేరుకునుడు అని అర్థం. "ఐ గాట్ టు నల్గొండ ఎట్ టెన్". మధ్యల "టు" ఉండాలె. కని హోమ్, హియర్, దేర్ ఈ మూడిటి ముందట "టు" పెట్టొద్దు. "ఐ గాట్ హోమ్", "ఐ గాట్ హియర్", "ఐ గాట్ దేర్". మనోళ్ళు దీన్ని తిప్పేసి "రీచ్డ్ టు నల్గొండ" అంటరు, రీచ్‌కు టు అక్కర్లేదు, "రీచ్డ్ నల్గొండ" చాలు. ఒకదానికి కావాలె, ఇంకోదానికి వద్దు, దీనికి కారణం వెతకకు, చెవికి అలవాటు చేసుకో.

రేపు మళ్ళ ఎవరన్న "హౌ డిడ్ యు గెట్ హియర్" అంటే ఏం చెప్తవ్? నువ్వు దేవరకొండల బస్సెక్కి మాల్ అనే ఊరు, ఇబ్రహీంపట్నం మీదికెల్లి వచ్చి ఎల్బీ నగర్‌ల దిగి మెట్రో ఎక్కినవ్ అనుకుందాం. "ఐ టుక్ ఎ బస్ ఫ్రమ్ దేవరకొండ, గాట్ ఆఫ్ ఎట్ ఎల్బీ నగర్ అండ్ టుక్ ద మెట్రో." ఇంతే. వాళ్ళు మళ్ళ "వాజ్ ఇట్ డిఫికల్ట్?" అంటే "నో, ఐ గాట్ ఎ సీట్" అను. గట్టిగ పది సార్లు చదువు, నోరు దానంతట అదే తిరుగుతది.

ఎక్కుడు దిగుడు దగ్గర మన భాషల ఒకటే మాట, బస్సెక్కిన, ఆటో ఎక్కిన, కారెక్కిన. ఇంగ్లీష్‌ల రెండు తీర్లు. బస్సు, ట్రైన్, విమానం, బండి, వీటికి "గెట్ ఆన్", "గెట్ ఆఫ్". కారు, ఆటోకు "గెట్ ఇన్", "గెట్ అవుట్". దీనికి ఒక గుర్తు ఉన్నది. నిలబడి నాలుగడుగులేసే జాగ ఉన్నదంటే ఆన్, వంగి లోపటికి దూరాలంటే ఇన్. మోటర్ సైకిల్, గుర్రం ఇవి మీదికెక్కి కూసునేటియి, కాబట్టి ఆన్. ఎవరినన్న కారు దిగమంటే "గెట్ అవుట్ ఆఫ్ ద కార్" అనాలె, ఒట్టి గెటౌట్ అంటే బయటికి దొబ్బినట్టయితది, ఆ మాట చిన్న పిల్లలకు గూడ తెలుసు.

నీకు తెల్వకుండనే నీ నోట్ల గెట్ ఇంకా ఉన్నది, చూసుకో. పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్ పెట్టుకున్నం అంటం. కొత్త గెటప్‌ల వచ్చిండు అంటం, ఇంగ్లీష్‌ల గూడ గెటప్ అంటే వేషం అనే అర్థం ఉన్నది. అదే రెండు ముక్కలుగ "గెట్ అప్" అంటే లేచుడు. దీనికి "వేక్ అప్"కు తేడా ఉంది, వేక్ అప్ అంటే మెలుకువ వచ్చుడు, గెట్ అప్ అంటే పక్క మీదికెల్లి లేచుడు. "ఐ వోక్ అప్ ఎట్ ఫైవ్ బట్ గాట్ అప్ ఎట్ సిక్స్" అంటే అయిదింటికి మెలుకువ వచ్చింది గని ఆరింటిదాక లేవలే అని.

ఇప్పుడు గిర్ని దగ్గరికి వస్త. ఇది మనోళ్ళు చాన మంది తప్పు చేసే కాడ, నేను గూడ చేసిన కాడ. నేను కాలేజీల చేరిన కొత్తల ఒక మేడం నా చేతుల ఫామ్ పెట్టి "గెట్ దిస్ సైన్డ్ బై టుమారో" అన్నది. నేను గెట్, సైన్ అనే రెండు ముక్కలే విన్న, అక్కడ్నే పెన్ను తీసి సంతకం చేసి ఇచ్చిన. ఆమె చెప్పింది మీ నాయినతోని సంతకం చేయించుకు రా అని. అందరి ముందట మస్తు గట్టిగ అన్నది, ఆ రోజు రాత్రి హాస్టల్‌ల అన్నం తినలే. నీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఆ రోజే యాదికొచ్చింది, అందుకే ఈ ముక్కను మా పిల్లలకు ఎన్నడు హడావుడిగ చెప్పలే.

తెలుగుల చేసుడు వేరు, చేయించుడు వేరు. కుట్టిన, కుట్టించిన. కట్టిన, కట్టించిన. మన "ఇంచు" చిన్న ముక్క, ఎంత పని చేస్తదో చూడు, పని ఇంకోళ్ళు చేసిండ్రు, పురమాయించింది నేను అని మొత్తం చెప్పేస్తది. ఇంగ్లీష్ మాటలకు ఇసొంటి తోక లేదు. అందుకని గెట్‌ను ముందట పెట్టి, మధ్యల వస్తువును పెట్టి, చివరన మూడో రూపం (గో, వెంట్, గాన్‌ల గాన్ అసొంటిది) పెడ్తరు. బ్లౌజ్ కుట్టించుకున్న, "ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్". ఫోన్ బాగు చేయించిన, "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్". జిరాక్స్ తీయించిన, "ఐ గాట్ ఇట్ జిరాక్స్డ్", జిరాక్స్ అనేది కంపెనీ పేరు, ఇంటర్వ్యూల అయితే "ఐ గాట్ ఇట్ ఫొటోకాపీడ్" అంటే మంచిగుంటది. గిర్నిల బియ్యం పట్టించుకొచ్చిన, "ఐ గాట్ ద రైస్ గ్రౌండ్", ఇక్కడ గ్రౌండ్ అంటే ఆటల గ్రౌండ్ కాదు, గ్రైండ్‌కు మూడో రూపం. చూసినవా, పట్టించుడుకు గెట్ ఎట్ల సరిపోయిందో.

ఇదే చెప్పబోయి మనం "ఐ స్టిచ్డ్ మై బ్లౌజ్", "ఐ రిపేర్డ్ మై ఫోన్" అంటం. గ్రామర్ తప్పు లేదు గని విన్నోళ్ళు నీకు కుట్టు పని వచ్చు, ఫోన్ రిపేర్ వచ్చు అనుకుంటరు. ఇంటర్వ్యూల "ఐ రిపేర్డ్ ద కంప్యూటర్" అంటే తర్వాత ప్రశ్న, ఎట్ల రిపేర్ చేసినవ్ అని అడుగుతరు, అప్పుడు ఏం చెప్తవ్. మాటల వరుస గూడ చూసుకో. "ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్" అనొద్దు, ఫోన్ మధ్యల రావాలె. పొయ్యి మీద గిన్నె పెట్టి మూత పెట్టినట్టు, గెట్, వస్తువు, మూడో రూపం, ఆ వరుస ఇడవొద్దు.

ఎవరితోని చేయించినవో చెప్పాలంటే మనిషి పేరు తర్వాత "టు" పెట్టి మామూలు రూపం వాడాలె. మా తమ్మునితోని ఫామ్ నింపించిన, "ఐ గాట్ మై బ్రదర్ టు ఫిల్ ద ఫామ్". బుదురకిచ్చి, బతిమాలి చేయించినట్టు ఉంటది ఇందుల. "ఐ మేడ్ మై బ్రదర్ ఫిల్ ద ఫామ్" అంటే గట్టిగ చెప్పి చేయించినట్టు, అక్కడ టు ఉండది.

వస్తువు లేకుండ గెట్ పక్కనే మూడో రూపం వస్తే చాన సార్లు అది మనకు జరిగింది, మనం చేసింది కాదు. "ఐ గాట్ సెలెక్టెడ్", "ద బస్ గాట్ స్టక్", "మై ఫోన్ గాట్ స్టోలెన్". పుట్టుడుకు మాత్రం ఇది పెట్టొద్దు, "ఐ గాట్ బోర్న్" అనరు, "ఐ వాజ్ బోర్న్ ఇన్ దేవరకొండ" అనాలె.

ఇంక గెట్ పక్కన చిన్న చిన్న ముక్కలు చేరి వచ్చేటియి ఉన్నయి, డిక్షనరీల నిన్ను భయపెట్టినయి ఎక్కువ ఇవే అయ్యుంటయి. అన్ని ఇప్పుడు నీకు అక్కర్లేదు. ఆఫీసుల, ఫోన్‌ల రోజు వినపడేటియి నాలుగైదు చాలు. ఫోన్ కలవలేదు అంటే "ఐ కుడ్‌న్ట్ గెట్ త్రూ". ఇద్దరికి పొసగుతుంది అంటే "దే గెట్ ఎలాంగ్ వెల్". దుఃఖంల నుంచో, జ్వరంల నుంచో తేరుకునుడు "గెట్ ఓవర్". వచ్చిన పైసలతోని ఎట్లనో ఎల్లదీస్తున్నం అంటే "వి గెట్ బై". నాకు ఈ గెట్ బై అంటే బాగ ఇష్టం, ఎల్లదీసుడు అనే మన మాటల ఉన్న బరువు దీంట్ల గూడ ఉంటది, కరువు కాలంల పాలమూరుకెల్లి బొంబాయి దాక పనికి పోయినోళ్ళ ఇండ్లల్ల పుట్టిన పిల్లలకు ఈ మాట చెప్తే ఒక్క నిమిషంల అర్థమైతుండె, ఇంకేం వివరం అడగకపోతుండె.

"ఐ హావ్ గాట్ ఎ సిస్టర్" అని గూడ వింటవ్. ఇది మాత్రం నేను పైన చెప్పిన మార్పు లెక్కల పడది. హావ్ గాట్ అంటే ఒట్టి ఉన్నది అనే అర్థం, నాకొక చెల్లె ఉన్నది అని, చెల్లె కొత్తగ వచ్చిందని కాదు. దాని పక్కన "టు" చేరితే తప్పదు అనే అర్థం, "ఐ హావ్ గాట్ టు గో" అంటే నేను పోవాలె. స్పీడ్‌గ మాట్లాడేటప్పుడు అది "గాటా" లెక్క వినపడ్తది, "ఐ గాటా గో", రాసేటప్పుడు అట్ల రాయకు.

గాట్, గాటెన్ అడిగినవ్. రెండు కరెక్టే, దేశం వేరు. బ్రిటిష్ ఇంగ్లీష్‌ల గెట్, గాట్, గాట్. అమెరికాల మూడో రూపం చాన చోట్ల గాటెన్, "ఐ హావ్ గాటెన్ యూజ్డ్ టు ఇట్" అంటరు. ఉన్నది అని చెప్పాలంటే వాళ్ళు గూడ "హావ్ గాట్" అనే అంటరు. మన బడులల్ల నేర్పేది బ్రిటిష్ పద్ధతి కాబట్టి నువ్వు గాట్ వాడుకో, అమెరికా వాళ్ళ ఫోన్ కాల్స్ తీసుకునే ఉద్యోగం అయితే గాటెన్ వినపడ్తది, కంగారు పడకు. గాటెన్ అమెరికావాళ్ళు చెడగొట్టింది అని కొందరు అంటరు, అది నిజం కాదు, ఇంగ్లండ్‌ల పూర్వం అనేదే, అక్కడ వాడుక తగ్గింది, అమెరికాకు పోయినోళ్ళ నోట్ల మిగిలింది. "ఫర్‌గెట్"కు మూడో రూపం "ఫర్‌గాటెన్" అని నువ్వు చదువుకున్నవ్ కద, ఆ చివరి ముక్క అదే. అసలు గెట్ అనే మాటనే ఇంగ్లీషోళ్ళ సొంతం కాదు. వెయ్యి ఏండ్ల కింద సముద్రం దాటి ఇంగ్లండ్ మీదికొచ్చి ఆడనే స్థిరపడిన వైకింగ్స్ మాట, వాళ్ళ పాత నార్స్ భాషల "గెటా". అంతకుముందు ఇంగ్లీష్‌ల ఫర్‌గెట్ లాంటి జంట మాటలల్లనే ఆ ముక్క ఉంటుండె, ఒంటరిగ తిరిగే గెట్ వాళ్ళతోనే వచ్చింది. మన దిక్కు ఉర్దూకెల్లి వచ్చిన జర, మస్తు లేకుంట మనకు పూట గడవనట్టు, వాళ్ళకు గెట్ లేకుంట గడవది.

అప్లికేషన్‌ల రాయొచ్చా అంటే, తప్పయితే కాదు గని రాతల వేరే మాటలు పెడ్తే మర్యాదగ ఉంటది. మెయిల్ ముట్టింది అనేది "ఐ రిసీవ్డ్ యువర్ మెయిల్". డిగ్రీ, సర్టిఫికెట్ అయితే "అబ్టైన్డ్". చేరుకున్న అంటే "రీచ్డ్". నోటితోని మాట్లాడేటప్పుడు మాత్రం దీన్ని తిప్పకు, మాటమాటకు అబ్టైన్ అంటే నువ్వు తెలుగుల పొందితిని అన్నట్టే ఉంటది వినెటోళ్ళకు.

ఎట్ల నేర్చుకోవాలె అంటే, డిక్షనరీ మూసిపెట్టి ఒక చిన్న నోట్‌బుక్ తీసుకో. పొద్దంత ఇంట్ల, బస్టాండ్ల, కిరాణం కాడ నాకు వచ్చింది, నాకు దొరికింది, చేయించిన, తీయించిన అని ఎవరన్న అంటే ఆ తెలుగు మాట రాసుకో, రాత్రికి దాని కింద గెట్‌తోని ఇంగ్లీష్ రాయి. అమ్మ గిర్నికి పోయొచ్చింది, నాయినకు పైసలు ముట్టినయి, తమ్మునికి జ్వరం తగ్గుతుంది, కరెంటు బిల్లు కట్టించినం, ఇంట్లనే రోజుకు అయిదారు వాక్యాలు దొరుకుతయి. రాసినంక పైకి చదువు, గొంతు బయటికి రావాలె, మనసుల చదివితే ఇంటర్వ్యూల పనికి రాదు.

చివరిది, ఆ 12 రోజుల సంగతి. "గెట్ బ్యాక్" ఒక్కటే ఉంటే తిరిగొచ్చుడు, "ఐ గాట్ బ్యాక్ ఫ్రమ్ హైదరాబాద్". దాని వెనక "టు యు" వచ్చిందంటే తర్వాత ఫోనో మెయిలో చేసి నీకు జవాబు చెప్తం అని, ఎవరు ఎక్కడికి వచ్చేది లేదు. చాన చోట్ల ఆ మాట అని ఊకుంటరు, తీసుకుంటం అని కాదు, తీసుకోం అని కాదు. అయితే 12 రోజులు చాలు, నువ్వే అడుగు, అడిగితే ఎవరేమనుకోరు. ఈ నాలుగు ముక్కలు పెట్టి మెయిల్ పంపు: "డియర్ మేడం, ఐ అటెండెడ్ యాన్ ఇంటర్వ్యూ ఎట్ యువర్ ఆఫీస్." దాని పక్కన తారీకు రాయి. తర్వాత "యు సెడ్ యు వుడ్ గెట్ బ్యాక్ టు మి. ఐ యామ్ స్టిల్ ఇంట్రెస్టెడ్ ఇన్ ద జాబ్. కుడ్ యు ప్లీజ్ లెట్ మి నో ద రిజల్ట్?" కింద నీ పేరు, ఫోన్ నంబర్. పొద్దున పది, పదకొండు మధ్యల పంపు, ఆఫీసు తెరవంగనే చూస్తరు. ఈలోపల ఇంకో రెండు కాడ అప్లికేషన్ పెట్టు, వీళ్ళ ఫోన్ కోసం ఆగకు.